పేగులో మొదలు, శివారు

"విరేచనాలు తగ్గి మూడు రోజులైందండీ. పాలు పట్టించామో లేదో మళ్లీ పొట్ట ఉబ్బరం, మళ్లీ నీళ్లలా వెళ్తున్నాడు. ఇన్నాళ్లూ సుబ్బరంగా తాగిన పాలు ఇప్పుడెందుకు పడట్లేదు?"

వానలు పడ్డాక తెనాలిలోనో, రేపల్లెలోనో, బాపట్లలోనో ఏ పిల్లల డాక్టరు గది బయట కూర్చున్నా ఈ మాట చెవిన పడుతుంది. "తల్లిపాలు మాత్రం ఆపకమ్మా. పోతపాలు నాలుగు రోజులు తగ్గించి పెరుగన్నం పెట్టు. వారం పది రోజుల్లో అదే సర్దుకుంటుంది" అంటారు డాక్టరు. అన్నట్టే సర్దుకుంటుంది. పాలు మారలేదు. పెద్ద మందులేవీ పడలేదు. మరి ఆ వారంలో లోపల ఏం జరిగింది?

పేగు పాత లోపొర రాలిపోయి కొత్తది వచ్చింది. జవాబు ఇంతే, కానీ ఇంతటితో వదిలేస్తే అసలు వింత తప్పిపోతుంది. ఆ పని దగ్గరుండి చేయించినవాళ్లు ఎవరూ లేరు. పేగులో ఎక్కడా నమూనా రాసిపెట్టి లేదు. కోట్లాది కణాలు ఎవరికి వారే తామెక్కడున్నామో తెలుసుకుని, ఆ చోటికి తగిన పని మొదలుపెట్టి, ఎప్పటి ఆకారాన్ని మళ్లీ కట్టుకున్నాయి. తన చోటు కణానికి ఎలా తెలుస్తుంది? ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్న చుట్టూనే.

గుట్టలూ గుంటలూ

మేక బోటి కడిగినవాళ్లకు చిన్నపేగు లోపలి వైపు నున్నగా ఉండదని తెలుసు. వేలితో రాస్తే మెత్తటి నూగు తగులుతుంది. ఆ నూగే బడి పుస్తకాల్లోని ఆంత్రచూషకాలు. మనిషి చిన్నపేగులో ఒక్కొక్కటి అర మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరు ఎత్తుంటుంది. వాటిని గుట్టలు అనుకుందాం. ప్రతి గుట్ట మొదట్లో చుట్టూ కొన్ని సన్నటి గుంటలు లోపలికి దిగి ఉంటాయి. జర్మన్ వైద్యుడు లీబర్‌కూన్ 1745లో వీటిని వర్ణించాడు కాబట్టి ఆయన పేరే పెట్టారు.

ఈ గుట్టల వల్ల పేగు వైశాల్యం టెన్నిస్ కోర్టంత అవుతుందని చాలా పుస్తకాలు ఇప్పటికీ రాస్తున్నాయి. ఇద్దరు స్వీడన్ పరిశోధకులు 2014లో కొలతలు మళ్లీ తీస్తే జీర్ణనాళం మొత్తం కలిపినా సుమారు 32 చదరపు మీటర్లే వచ్చింది. మన స్థలాల లెక్కలో 38 గజాలు. టెన్నిస్ కోర్టు పోయిందని బెంగపడక్కర్లేదు. 38 గజాల పొరను ఎడతెగకుండా కొత్తగా వేసుకుంటూ ఉండటం తక్కువ పనేమీ కాదు.

ఆ పొర మందం ఒక్కటంటే ఒక్క కణం. గుట్ట శిఖరం నుంచి గుంట అడుగు దాకా ఒకే వరుస, ఎక్కడా తెగదు. కానీ చోటును బట్టి కణం వేరు. గుట్టల మీద ఎక్కువగా ఆహారాన్ని పీల్చుకునే కణాలుంటాయి. వాటి మధ్య అక్కడక్కడా జిగురు ఊరించే కణాలు, హార్మోన్లు వదిలే కణాలు ఉంటాయి. గుంట అడుగున క్రిముల్ని చంపే పదార్థాలు తయారుచేసే పేనెత్ కణాలుంటాయి. ఆ పేనెత్ కణాల సందుల్లో ఇరుక్కుని సన్నగా ఉండేవి మూలకణాలు. మిగిలిన రకాలన్నీ వాటి సంతానమే.

1948లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ లెబ్లాండ్, కేథరిన్ స్టీవెన్స్ ఎలుక పేగుల్లో కణవిభజనలు లెక్కపెట్టి ఒక విషయం తేల్చారు. పుట్టుకలన్నీ గుంటల్లోనే, గుట్టల మీద ఒక్కటీ లేదు. అంటే గుంటలో పుట్టిన కణం మెల్లగా పైకి జరుగుతూ, దారిలోనే పని నేర్చుకుని, శిఖరం చేరాక రాలిపోతుంది. మనిషిలో ఈ ప్రయాణం మూడు నుంచి ఐదు రోజులు. 2021లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు వేసిన లెక్క ప్రకారం మన ఒంట్లో రోజూ 33 వేల కోట్ల కణాలు మారిపోతుంటాయి. వాటిలో పన్నెండు శాతం దాకా, అంటే దాదాపు 4 వేల కోట్లు, పేగు పొరవే.

ఇప్పుడు పాల సంగతి. పాలలోని చక్కెరను విడగొట్టే లాక్టేజ్ అనే ఎంజైము గుంటలోని పసి కణాలకు ఉండదు. గుట్ట మీద బాగా పైకి వచ్చి ముదిరిన కణాలకే ఉంటుంది. పసిపిల్లల విరేచనాలకు పెద్ద కారణమైన రోటావైరస్ పట్టుకునేది సరిగ్గా ఆ ముదురు కణాలనే. అవి ఒక్కసారిగా రాలిపోతే గుట్టలు పొట్టివవుతాయి. గుంటలు తొందరపడి కణాల్ని పుట్టించి పైకి తోస్తాయి. కొత్తగా వచ్చినవి పొరను కప్పుతాయి గానీ లాక్టేజ్ ఇంకా మొదలుపెట్టి ఉండవు. విడిపోని పాల చక్కెర పెద్దపేగుకు చేరి నీటిని లాగుతుంది, అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి గాలి పుట్టిస్తాయి. ఉబ్బరం, నీళ్ల విరేచనం అందుకే. కొత్త కణాలు శిఖరం దాకా చేరి ముదిరే సరికి వారం పది రోజులు పడుతుంది. పెరుగులో కొంత చక్కెరను తోడు సూక్ష్మజీవులే తినేసి ఉంటాయి కాబట్టి పెరుగన్నం సలహా శాస్త్రసమ్మతమే. చాలామంది పిల్లలకు ఈ ఇబ్బంది అసలు రాదు కూడా. రాకపోతే పాలు మాన్పించే పనే లేదు. పెద్దయ్యాక పాలు పడకపోవడం వేరే కథ, అక్కడ కణాలు సరిగానే ఉన్నా లాక్టేజ్ జన్యువు నెమ్మదిస్తుంది.

కాలువ నీరు, సముద్రపు ఉప్పు

గుంట అడుగునున్న కణానికి "నువ్వు ఇంకా విభజన చెందుతూ ఉండు" అని, శిఖరం దగ్గరున్న కణానికి "ఇక చాలు, పీల్చడం మొదలుపెట్టు" అని చెప్పేదెవరు? రెండిటిలోనూ ఉన్నది ఒకే జన్యువుల కట్ట. తేడా లోపల లేదు, చుట్టూ ఉంది.

కృష్ణా పశ్చిమ డెల్టా రైతులకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర బయలుదేరిన నీరు దుగ్గిరాల వచ్చి చీలుతుంది, తెనాలి ఊళ్లోంచే మూడు కాలువలుగా సాగుతుంది, కొమ్మమూరు కాలువ బాపట్ల వైపు పోతుంది. మొదట్లో నీటికి కొరత ఉండదు. రేపల్లె దాటి నిజాంపట్నం వైపు పోయేకొద్దీ కాలువలో నీరు తగ్గుతుంది, శివారు భూములకు అందేసరికి ఆలస్యమవుతుంది. అటు నుంచి సముద్రపు ఉప్పు ఎదురొస్తుంది. నేలలో తీపి నీరెంత, ఉప్పెంత అన్న రెండు లెక్కలు చూసుకుని రైతు ఏం వెయ్యాలో తేల్చుకుంటాడు. ఎక్కడా పై నుంచి ఉత్తర్వు రానక్కర్లేదు. ఒకే సంచిలోని విత్తనం తెనాలి పక్కన ఒకలా, తీరం దగ్గర ఒకలా పండుతుంది.

పేగులో తీపి నీటి పాత్ర వింట్ అనే సంకేత ప్రొటీన్లది. పేనెత్ కణాలు, గుంట కింద ఉండే కణజాలం వీటిని తయారుచేస్తాయి. అందుకే గుంట అడుగున వింట్ పుష్కలం. అది అందినంత కాలం కణం మూలకణంగానే ఉండి విభజన చెందుతుంది. ఉప్పు పాత్ర బీఎంపీ అనే ఇంకో సంకేతానిది. గుట్టల లోపలి కణజాలం దాన్ని పంపుతుంది. బీఎంపీ పెరిగే కొద్దీ కణం విభజన మానేసి పనిలోకి దిగుతుంది. గుంట అడుగుకు బీఎంపీ రాకుండా అక్కడి కణజాలమే దాన్ని పట్టి ఆపే ప్రొటీన్లను వదులుతుంది. తీరాన ఉప్పునీరు ఎగదన్నకుండా పోసే కట్ట చేసే పనే ఇది. కణం తన మీద పడుతున్న రెండు సంకేతాలనూ చూసుకుంటుంది. ఆ లెక్కే దానికి చిరునామా.

ఇక్కడితో పోలిక ఆపాలి, ఎందుకంటే రెండు చోట్ల అది తప్పుతుంది. పొలం కదలదు, కణం కదులుతుంది. తెనాలి పొలమే నాలుగు రోజుల్లో నిజాంపట్నం చేరి, దారి పొడవునా పంట మార్చుకుంటూ చివరికి సముద్రంలో పడిపోయినట్టు ఉంటుంది ఈ వ్యవహారం. రెండోది, వింట్ కాలువ నీరులా పారదు. పేనెత్ కణం దాన్ని పక్క కణం పైపొరకు అంటిస్తుంది. ఆ కణం రెండైతే అంటుకున్న వింట్ సగం సగమవుతుంది, మళ్లీ విభజన చెందితే పావు. పైకి పోయేకొద్దీ అది పలచబడటానికి కారణం పంపకాలేనని 2016లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు చూపించారు. అంటే కణం ఎన్ని విభజనల దూరం వచ్చిందో కొలవడానికి వింటే సరిపోతుంది. వేరే గడియారం అక్కర్లేదు.

సంకేతం తప్పితే ఏమవుతుందో ఎలుకల్లో చేసి చూశారు. బీఎంపీని ఆపేస్తే గుట్టల పక్కల మీద, ఉండకూడని చోట, కొత్త గుంటలు పుట్టాయి. మనుషుల్లో బీఎంపీ మార్గం పుట్టుకతోనే దెబ్బతిన్న కొన్ని కుటుంబాల్లో చిన్నతనం నుంచే పేగులో పిలకలు, అంటే పాలిప్‌లు, వస్తాయి. వింట్ వైపు తప్పు ఇంకా ప్రమాదం. వింట్‌ను అదుపులో ఉంచే ఏపీసీ అనే జన్యువు ఏదైనా కణంలో చెడిపోతే, ఆ కణం తాను ఎంత పైకి వచ్చినా గుంట అడుగునే ఉన్నాననుకుని విభజన చెందుతూనే ఉంటుంది. పెద్దపేగు కేన్సర్లలో అధికభాగం ఈ పొరపాటుతోనే మొదలవుతాయి. కేన్సర్ అంటే కణాలు పిచ్చిగా పెరగడమని చెప్పేస్తుంటాం. పేగు విషయంలో నేనైతే దాన్ని చిరునామా తప్పిన కణం అంటాను.

పీల్చే కణమా, జిగురు కణమా అన్నది మాత్రం పక్కపక్క కణాలు తమలో తాము తేల్చుకుంటాయి. స్రవించే వైపు ఒక అడుగు ముందుకేసిన కణం చుట్టూ ఉన్నవాటిని తాకి, నాచ్ అనే గ్రాహకం ద్వారా "ఆ పని నేను చూసుకుంటా, నువ్వు పీల్చే పనికి పో" అని చెబుతుంది. ఎలుకల్లో నాచ్‌ను ఆపేస్తే గుంటలోని కణాలన్నీ జిగురు కణాలైపోయాయి. జిగురే తప్ప పీల్చే దిక్కు లేని పేగుతో బతకడం కష్టం. ఇంకొక జత ప్రొటీన్లు దిశ చూసుకుంటాయి. వాటి వల్లే పేనెత్ కణం గుంట అడుగుకు దిగి వారాల తరబడి అక్కడే ఉంటుంది, మిగిలినవి పైకి పోతాయి.

పైకి పోవడమంటే కింది నుంచి తోసుకురావడమే అని చాలాకాలం అనుకున్నారు. 2019లో పారిస్ పరిశోధకులు గుట్ట మీది కణాలు అడుగున కాళ్లలాంటి పొడుగులు చాపి తామే పాకుతున్నాయని చూపారు. శిఖరం దగ్గర కిటకిట ఎక్కువయ్యాక ఒక కణాన్ని చుట్టూ ఉన్నవి నొక్కి బయటికి పంపేస్తాయి, అది ఊడుతుండగానే అడుగున ఖాళీ మూసుకుంటాయి. రోజూ వేల కోట్ల కణాలు రాలుతున్నా పేగు కారకపోవడానికి ఇదే కారణం.

గుట్టలు మొదట లేచింది ఎలా

ఇదంతా ఉన్న పొరను నిలబెట్టుకునే తతంగం. తల్లి కడుపులో బిడ్డ పేగు మొదట నున్నటి గొట్టమే. గుట్టలు మూడో నెలకు కనిపిస్తాయి. నున్నటి గొట్టంలోంచి అవెలా లేచాయి?

కోడిగుడ్డు దీనికి చక్కటి జవాబిచ్చింది. 2013లో హార్వర్డ్‌లో ఎమీ షయర్, క్లిఫ్ టాబిన్, మన మద్రాసు ఐఐటీలో చదివిన గణితజ్ఞుడు ఎల్. మహాదేవన్, మరికొందరు కలిసి కోడిపిల్ల పేగును రోజురోజూ కోసి చూశారు. ముందు పేగు చుట్టూ గుండ్రంగా బిగిసే కండర పొర ఏర్పడింది. లోపల పొర పెరుగుతోంది, బయట పట్టు బిగిసింది, ఇక విస్తరించడానికి చోటు లేదు. పొర నిలువుగా మడతలు పడింది. తర్వాత పొడవునా సాగే కండర పొర వచ్చింది, మడతలు వంకర్లు తిరిగాయి. మూడో కండర పొర రాగానే వంకర్ల మీద గుట్టలు లేచాయి. కండరాన్ని ఒలిచేస్తే మడతలు పోయాయి. కండరం బదులు పట్టు గొట్టంలో బిగిస్తే మళ్లీ వచ్చాయి. ఈ ప్రయోగం నాకు మరీ ఇష్టం. జీవకణానికి సంకేతాల భాష ఒక్కటే కాదు, ఇరుకూ బిగువూ కూడా తెలుసని ఇంత నిక్కచ్చిగా చూపిన ప్రయోగాలు అరుదు.

ఎలుకలో దారి కాస్త వేరు, అక్కడ పొర కింది కణాలు ముందు చిన్నచిన్న గుంపులుగా చేరతాయి, ఆ గుంపుల మీదే గుట్టలు లేస్తాయి. కోడిపిల్ల పేగును చూసిన హార్వర్డ్ బృందమే రెండేళ్ల తర్వాత ఆకారానికీ సంకేతానికీ ముడి వేసింది. మొదట్లో పొరలోని కణాలన్నీ విభజన చెందుతూనే ఉంటాయి. పొర వంగి గుట్ట లేచాక, ఆ వంపులోకి నాలుగు వైపుల నుంచి వచ్చే సంకేతం ఒకచోట చిక్కబడుతుంది. దాంతో అడుగు కణజాలం మేలుకుని బీఎంపీ పంపుతుంది. శిఖరం మీది కణాలు విభజన మానేస్తాయి, మూలకణాలు గుట్టల మొదళ్లకే పరిమితమవుతాయి. ముందు ఆకారం, ఆ ఆకారం వల్ల చిరునామాలు.

ఆకారం లేని చోట ఒంటరి కణాన్ని వదిలితే? 2007లో ఉట్రెక్ట్‌లో హాన్స్ క్లెవర్స్ ప్రయోగశాలలో నిక్ బార్కర్ మూలకణాల్ని గుర్తుపట్టే ఆనవాలు కనిపెట్టాడు. రెండేళ్లకు అక్కడే తొషిరో సాతో ఎలుక పేగులోంచి ఒక్క మూలకణాన్ని తీసి, జెల్లీ లాంటి పదార్థంలో ఉంచి, కావలసిన సంకేత ప్రొటీన్లు పోశాడు. అది బంతి అయింది. బంతికి బుడిపెలు లేచాయి. ఒక్కో బుడిపె చివర పేనెత్ కణాలు, మూలకణాలు, అంటే నిఖార్సైన గుంటలు. మధ్య భాగంలో పీల్చే కణాలు. కండరం లేదు, రక్తం లేదు, నరం లేదు. దీన్ని ఆర్గనాయిడ్ అంటున్నారు, మనం బుల్లి పేగు అనుకోవచ్చు.

అన్ని వైపులా ఒకేలా ఉన్న బంతిలో గుంట ఇక్కడే అని ఎలా తేలింది? 2019లో బాసెల్‌లో ప్రిస్కా లిబెరాలి బృందం ఇచ్చిన జవాబు: కణాల మధ్య చిన్నపాటి తేడాలు ఎప్పుడూ ఉంటాయి, వాటి వల్ల ఏదో ఒక కణం మిగతావాటికన్నా ముందు పేనెత్ కణమవుతుంది. అది వింట్ వదలడం మొదలుపెడుతుంది. దాని పక్కవి మూలకణాలుగా నిలుస్తాయి. గుంటకు చోటు దొరికినట్టే. మొదట వింట్ పంపినవాడున్న చోటే మొదలు, మిగిలినదంతా శివారు.

భీమవరం మనిషి, సంగ్రహణి

గుంటలు ఆగిపోతే ఏమవుతుందో తెలుగునాట ఒకాయన తన ఇంట్లోనే చూశారు. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుతో పోయారని జీవితచరిత్రలు చెబుతాయి. ఆయనకూ ఆ జబ్బు వచ్చింది. మద్రాసులో ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో తేరుకున్నారు. మనవాళ్లు సంగ్రహణి అనే లక్షణాలు అవి: నెలల తరబడి జిడ్డు విరేచనాలు, పూసిన నాలుక, రక్తం లేక పాలిపోయిన ఒళ్లు, ఎంత తిన్నా ఒంటపట్టకపోవడం.

కణం రెండు కావాలంటే ముందు తన డీఎన్‌ఏకు నకలు రాసుకోవాలి. ఆ నకలుకు కావలసిన సరుకు తయారీలో ఫోలిక్ ఆమ్లం తప్పనిసరి. ఆకుకూరలు, పప్పుల నుంచి అది మనకు అందుతుంది. ఫోలిక్ ఆమ్లం కొరవడితే ముందుగా దెబ్బతినేవి అన్నిటికన్నా వేగంగా విభజన చెందే చోట్లు, ఎముక మజ్జ, పేగు గుంటలు. అందుకే స్ప్రూలో రక్తహీనత, విరేచనాలు జంటగా వస్తాయి. ఇందులో ఒక విషవలయం ఉంది. గుట్టలు అరిగితే ఫోలిక్ ఆమ్లం ఒంటపట్టదు, ఒంటపట్టకపోతే గుంటలు ఆగుతాయి, గుంటలు ఆగితే గుట్టలు ఇంకా అరుగుతాయి.

సుబ్బారావు 1940లో అమెరికాలో లెడర్లీ కంపెనీలో చేరారు. ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. ఆ వెంటనే టామ్ స్పీస్ అనే వైద్యుడు దాన్ని స్ప్రూ రోగులకిచ్చి గుణం చూశాడు. తరువాత వెల్లూరులో చేసిన పరిశోధనలు దక్షిణ భారతంలోని స్ప్రూ ఫోలిక్ ఆమ్లం ఒక్కదానితో పూర్తిగా లొంగదని చూపాయి. ఇప్పుడు దానికి యాంటీబయాటిక్ కూడా కలిపి వాడతారు. అయినా వలయాన్ని మొదట తెంపింది ఆ పసుపుపచ్చ పొడే.

అదే బృందం ఫోలిక్ ఆమ్లానికి దొంగ నకలు కూడా తయారుచేసింది. దాని పేరు అమినోప్టెరిన్. కణం దాన్ని అసలుదనుకుని పట్టుకుంటుంది, విభజన ఆగిపోతుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త కేన్సర్ పిల్లలకిచ్చాడు. పదహారు మందిలో పది మందికి తాత్కాలికంగానైనా జబ్బు వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ప్రచురించాడు. కేన్సర్ కణానికీ పేగు గుంటకూ ఆ మందు తేడా చూడలేదు, అందుకే ఆ పిల్లలకు నోరు పూసింది, కడుపు చెడింది. కీమోథెరపీ చేయించుకుంటున్నవాళ్లు ఇవాళ్టికీ పడే బాధకు మూలం అక్కడే ఉంది. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది. కీళ్లవాతానికి దాన్ని వారానికి ఒక్కసారే వేసుకోమని రాసి, వేరే రోజు ఫోలిక్ ఆమ్లం వేసుకోమని డాక్టర్లు ఎందుకంటారో ఇప్పుడు ఊహించగలరు. ఆ రెండో మాత్ర ఎక్కువగా పేగు కోసం, నోటి కోసం.

లెబ్లాండ్ పేగు పొర నిత్యం మారుతుంటుందని తేల్చిన ఏడాదే, 1948 ఆగస్టులో, సుబ్బారావు కన్నుమూశారు. గుంటలకు మేత దొరికింది, గుంటల్ని ఆపే మందూ దొరికింది, గుంటలు చేసే పనేమిటో తెలిసింది. అన్నీ మూడు నాలుగేళ్లలోనే.

మన నీళ్లు, మన గుట్టలు

1950ల చివర, మింగితే పేగు దాకా పోయి చిటికెడు పొరను కోసుకొచ్చే గొట్టపు పరికరం వచ్చింది. అంతకుముందు ఎక్కువగా చనిపోయినవాళ్ల పేగులే చూసేవారు, చావు తర్వాత గంటల్లోనే ఆ పొర చెడిపోతుంది కాబట్టి తప్పుడు నిర్ణయాలు చాలా జరిగాయి. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో సెల్విన్ బేకర్, వి.ఐ. మథాన్ బృందం ఈ పరికరంతో చూస్తే విచిత్రం బయటపడింది. ఏ జబ్బూ లేదనుకునే దక్షిణ భారత గ్రామస్తుల్లోనూ గుట్టలు అమెరికా పుస్తకాల్లో గీసినట్టు వేళ్లలా నిలబడి లేవు. ఆకుల్లా వెడల్పుగా, పొట్టిగా ఉన్నాయి. ఇది మన జాతి లక్షణమేమో అని అనుమానించారు. కాదు. మన ఉపఖండంలో కొన్నాళ్లున్న అమెరికా యువకుల పేగులూ అలాగే మారాయి, వాళ్లు ఇంటికి తిరిగి వెళ్లాక మళ్లీ నిలబడ్డాయి. తేడా పుట్టుకలో లేదు, నీళ్లలో ఉంది. కలుషితమైన నీటితో, తిండితో రోజూ కొద్దికొద్దిగా దెబ్బతింటున్న గుట్టలు పూర్తి ఎత్తుకు ఎదిగే వ్యవధి దొరక్క పొట్టిగా మిగిలిపోతాయి. పిల్లల్లో అయితే తిన్నది వంటబట్టక, వయసుకు తగిన ఎత్తు పెరగకపోవడానికి ఇదొక కారణమని ఇప్పుడు భావిస్తున్నారు.

డెల్టాలో తాగే నీరు చాలా ఊళ్లకు కాలువ నుంచే వస్తుంది. ఎగువ ఊళ్ల మురుగు ఆ కాలువలోకే చేరుతుంటుంది. నీరు తక్కువగా, ఆలస్యంగా వచ్చే శివారు పల్లెల్లో వేసవిలో చెరువులో నిలవున్నదే దిక్కు. పట్నాలకు మాత్రం దిలాసా ఏముంది? 2018 మార్చిలో గుంటూరు నగరంలోనే మంచినీటి పైపుల్లో మురుగు కలిసి విరేచనాలు ప్రబలి పలువురు చనిపోయారు. ఎంత మంచి మూలకణమైనా ఇలాంటి నీటి ముందు ఒక వారం గెలుస్తుంది, మరో వారం ఓడుతుంది. మందులతో పేగు బాగుపడుతుందని నమ్మేవాళ్లు ఎక్కువ, నా లెక్కలో మాత్రం క్లోరిన్ కలిపిన నీటిని మించిన పేగు మందు లేదు.

అలాంటి నీరు అందేలోగా చేతనైన రక్షణలు మూడున్నాయి. ఒకటి ఓఆర్ఎస్. గుట్టల మీది పీల్చే కణాలకు ఉప్పునూ గ్లూకోజునూ జతగా లోపలికి లాగే ద్వారాలున్నాయి, ఆ జంట వెంట నీరు వస్తుంది. విరేచనాలవుతున్నప్పుడు కూడా మిగిలి ఉన్న కణాల్లో ఆ ద్వారాలు పనిచేస్తూనే ఉంటాయి. అందుకే సెలైను సీసా అక్కర్లేకుండా ఒక పొట్లం ప్రాణం నిలబెడుతుంది. పొట్లాన్ని చెప్పినంత నీటిలోనే, సాధారణంగా లీటరులో, కలపాలి. చిక్కగా కలిపితే మేలు బదులు కీడు. రెండోది జింక్. విరేచనాలు మూడో రోజు ఆగగానే తల్లులు జింక్ కూడా ఆపేస్తారు. పద్నాలుగు రోజులు వెయ్యమనడానికి కారణముంది: విరేచనం ఆగినా లోపొర తిరిగి కట్టుకోవడం ఇంకా సాగుతూనే ఉంటుంది, పూర్తిగా వేస్తే తర్వాతి రెండు మూడు నెలల్లో మళ్లీ విరేచనాలు పట్టుకునే అవకాశమూ తగ్గుతుంది.

మూడోది టీకా. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎం.కె. భాన్ బృందం పసికందుల నుంచి వేరుచేసిన ఒక బలహీన రోటావైరస్‌తో హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ రోటావాక్ తయారుచేసింది. 2016లో దేశంలో మొదటి విడతగా నాలుగు రాష్ట్రాల్లో రోటా టీకా ఉచితంగా మొదలుపెట్టారు, వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇంజక్షన్ కాదు, నోట్లో చుక్కలు. ఇంట్లో నెలల బిడ్డ ఉంటే టీకాల కార్డు తీసి చూడండి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు మూడుసార్లూ పడ్డాయో లేదో చూసుకోండి, పడకపోతే దగ్గరలోని ఆరోగ్య ఉపకేంద్రంలో ఏఎన్ఎమ్ గారిని అడగండి.